డీఎం కుర్చీలో కూర్చున్న మా అక్క కొడుక్కి

ఒరేయ్ చిన్నా,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. నువ్వు డీఎంగా, అంటే కథ నడిపించే మనిషిగా, ఐదుగురితో మొదలుపెట్టిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ టేబుల్ మూడు నెలలకి ముగ్గురికి వచ్చింది, ఐదో ఎడిషన్ పక్కన పడేసి పాత రూల్స్‌కి మారిపోనా పిన్నీ, లేకపోతే వేరే ఆట ఏదైనా కొననా అని అడిగావు. ఇప్పుడే ఏదీ కొనకు. ముందు ఇది చదువు. కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చో.

నేను అమెరికాలో మిల్వాకీ వెళ్లింది 1997లో, ఎమ్మెస్‌కి. ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా డైస్ వేసుకుంటూ కథ ఆడే ఈ డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుట్టిన లేక్ జెనీవా ఊరు అక్కణ్ణించి కారులో గంట. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ మొదటిసారి అచ్చేయించింది వెయ్యి కాపీలే, ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. దాదాపు ఆ రోజుల నుంచీ ఆడుతున్న ఒక పెద్దాయన మా ల్యాబ్‌లో పనిచేసేవాడు. రెండో ఎడిషన్ వచ్చి అప్పటికి ఎనిమిదేళ్లయినా ఆయన కొనలేదు, 1978 నాటి పుస్తకానికే టేపు అంటించి వాడేవాడు. నాకు మాంత్రికురాలి పాత్ర ఇచ్చాడు. ప్రాణం ఎంతో తేల్చడానికి నాలుగు ముఖాల డైస్ వేస్తే 2 పడింది. రోజుకి ఒకే ఒక్క మంత్రం. దాన్ని మొదటి గదిలోనే వాడేసి, మిగతా సాయంత్రమంతా దీపం పట్టుకుని అందరి వెనకా నడిచాను. మూడో వారం ఎలక కరిచి చచ్చిపోయాను. ఎంత నవ్వామో! పది నిమిషాల్లో ఇంకో మాంత్రికురాలు తయారు, ఈసారి ప్రాణం 3.

ఆ చావు నాకు అంత తేలిగ్గా ఎందుకు మింగుడుపడిందో చూడు. మూడు డైస్ ఆరుసార్లు వెయ్యడం, వచ్చింది వచ్చినట్టు రాసుకోవడం, పేరు పెట్టుకోవడం, అయిపోయింది. నేను పోగొట్టుకున్నది పది నిమిషాల పని. నీ టేబుల్ దగ్గర ఆ గుంటూరు అమ్మాయి ఏం చేసింది? ఆరు పేజీల కథ రాసుకొచ్చింది, చనిపోయిన అన్న, తాకట్టులో ఉన్న ఊరు, అన్నీ. ఐదో ఎడిషన్‌లో ప్రాణం సున్నాకి పడ్డా వెంటనే పోరు కదా, ప్రతి వంతుకీ ఇరవై ముఖాల డైస్ వేసి, 10 గానీ పైన గానీ మూడుసార్లు వస్తే బతుకుతారు, మూడుసార్లు అంతకంటే తక్కువ పడితే పోతారు. నువ్వు ఆ రూల్ తీసేసి సున్నా అంటే చావే అన్నావు. రెండో ఆదివారం ఆ పిల్ల పాత్ర గోతిలో పడి చచ్చిపోయింది, ఆ పిల్లా టేబుల్ వదిలి వెళ్లిపోయింది. డైస్ న్యాయంగానే పడింది పిన్నీ అని నాకు రాశావు. న్యాయమే, కాదన్నదెవరు? కానీ గంటలు కూర్చుని మనిషిని తయారుచేయించే ఆటకి, పది నిమిషాల మనిషికి సరిపోయే చావు తెచ్చి అంటించావు. చావు తేలికగా ఉండాలంటే పుట్టుక కూడా తేలికగా ఉండాలి. ఆరు పేజీలు రాసుకొచ్చిందంటే నాకేం కావాలో చూడరా అని ఆ పిల్ల నీ చేతికి ఉత్తరం ఇచ్చినట్టే, నువ్వు విప్పి చూడలేదు.

పాత్రలు మోసే సామాను బరువు లెక్క సంగతీ అంతే. పాత ఆటల్లో బరువు లెక్క బాగుంటుందని ఎక్కడో విని తెచ్చుకున్నావు. బాగుండేది, నిజం. మా పెద్దాయన ఆటలో పది నాణేలు ఒక పౌను బరువు. మూడు వేల బంగారు నాణేలు దొరికితే మూడొందల పౌన్లు, దాన్ని బయటికి మొయ్యడమే ఒక సాయంత్రం ఆట: గాడిదని తెచ్చామా, దీపానికి నూనె ఎంతుంది, కూలీలు పారిపోతే ఎలా, సగం ఇక్కడే పాతిపెట్టి మళ్లీ వద్దామా. ఎందుకంత తాపత్రయం అంటే, బయటికి తెచ్చిన ఒక్కో నాణేనికి ఒక ఎక్స్‌పీ, అంటే లెవల్ ఎక్కించే అనుభవం పాయింటు. రాక్షసుణ్ణి చంపితే వచ్చేది చాలా కొద్ది. నీ ఆటలో యాభై నాణేలు ఒక పౌను, లెవల్ ఎక్కేది కథలో ఒక మజిలీ దాటితే. మరి ఎవడు ఎందుకు లెక్కపెట్టాలి? మిగిలింది జమాఖర్చు పుస్తకం ఒక్కటే. ఆవపిండి వెయ్యకుండా ఆవకాయ పెట్టి ఘాటు రాలేదేమిటి అన్నట్టుంది.

ఇది నాకు పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. అప్పట్లో జెన్ కాన్ అనే ఆటల జాతర మిల్వాకీలోనే జరిగేది, 2000 ఆగస్టులో మూడో ఎడిషన్ అక్కడే విడుదలైంది, నేనూ లైన్లో నిలబడి కొన్నాను. అప్పటిదాకా మా గుంపులో నలుగురం గది తలుపు తీసేముందు చెవి ఆనించి వినేవాళ్లం, లోపల ఎవరైనా ఉంటే లంచమిచ్చేవాళ్లం, కుదరకపోతే చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లం. కొత్త పుస్తకంలో నాణేలకి ఎక్స్‌పీ లేదు, ఎక్స్‌పీ పట్టికంతా రాక్షసుల పేరు మీదే. ఏదో ఒక ఉపాయంతో గట్టెక్కినా లెక్కేనని పుస్తకంలో ఉంది గానీ అది ఎవరికి పట్టింది? రెండు నెలలు తిరక్కుండా అదే నలుగురం ప్రతి తలుపూ కాలితో తన్ని లోపలికి దూకడం మొదలుపెట్టాం. మా బుద్ధులేం మారలేదు, జీతం ఎక్కణ్ణించి వస్తుందో అది మారింది. అందుకే ఎవరైనా మా వాళ్లకి కొట్లాట తప్ప ఏమీ పట్టదు అని మొత్తుకుంటే నేను ముందు అడిగేది, నువ్వు దేనికి ఇస్తున్నావ్ ఎక్స్‌పీ?

సరే, వెళ్లిపోయిన రెండోవాడు, యోధుడు. వాడు ఆఫీసు పని ఎక్కువైందని చెప్పాడన్నావు. కాదురా. నువ్వు పెట్టిన ఒకటి పడితే నీ కత్తి నీకే తగులుతుంది అనే రూల్ ఉంది చూడు, కూర్చుని లెక్కెయ్యి. ఇరవై ముఖాల డైస్‌లో 1 పడే అవకాశం 5 శాతం. ఐదో లెవల్లో యోధుడు ఒక వంతులో రెండు దెబ్బలు కొడతాడు, అంటే వంతుకి దాదాపు 10 శాతం. ఇరవయ్యో లెవల్లో నాలుగు దెబ్బలు, 18 శాతం దాటుతుంది. అంటే వాడు ఎంత ఆరితేరితే అంత తరచుగా తన కాలు తాను నరుక్కుంటాడన్నమాట! పక్కన మాంత్రికుడు అగ్నిగోళం విసిరితే డైస్ వేసేది అవతలివాడు, వీడికి 1 పడే ప్రసక్తే లేదు. మూడు నెలలు అందరూ నవ్వుతుంటే వాడూ నవ్వి ఊరుకున్నాడు, తర్వాత ఆఫీసు పని ఎక్కువైంది. ఈ ఒక్క రూల్ ఇవాళే తీసెయ్. దీని గురించి నాతో వాదించకు.

డైస్ గురించి మొదలుపెట్టాను కాబట్టి ఇంకో ముక్క. చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో వైకుంఠపాళి ఆడితే నీకు గంటలో విసుగొచ్చేది, అష్టా చమ్మా అయితే అన్నానికి పిలిచినా లేచేవాడివి కాదు. రెంటిలోనూ గవ్వలే. కానీ వైకుంఠపాళిలో పడినదాని ప్రకారం నడవడమే, అష్టా చమ్మాలో నాలుగు కాయల్లో ఏది జరపాలో నువ్వు తేల్చుకోవాలి. నీ సెషన్‌లో డైస్ వేయించే ముందు ఒక్కసారి అనుకో, ఇది వైకుంఠపాళా, అష్టా చమ్మానా. తలుపు దగ్గర శబ్దం వినడానికి డైస్, గోడ మీద బొమ్మ చూడటానికి డైస్, గుర్రం ఎక్కడానికి డైస్ అని వేయిస్తూ పోతే పాములూ నిచ్చెనలే మిగులుతాయి. బాగా ఆలోచించి ఒక ఉపాయం చెప్పినవాడికి రెండు డైస్ వేసి పెద్దది ఉంచుకోమను, ఐదో ఎడిషన్‌లో అందుకేగా ఆ పద్ధతి ఉంది. 11 కావాల్సిన చోట సగం ఉన్న అవకాశం 75 శాతానికి ఎగబాకుతుంది. ఆలోచిస్తే లాభం ఉందని వాళ్లకి చేతికి తెలియాలి, నువ్వు నోటితో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నువ్వు అసలు అడిగిన ప్రశ్న, ఏ ఎడిషన్ మంచిది. 2008లో నాలుగోది వచ్చినప్పుడు ఇలాగే కొట్టుకున్నారు, స్నేహాలు చెడగొట్టుకున్నారు, చాలామంది పాత మూడున్నర రూల్స్‌ని, అంటే మూడో ఎడిషన్‌ని దిద్ది తెచ్చినవాటిని, కొనసాగించిన పాత్‌ఫైండర్ అనే ఆటకి వెళ్లిపోయారు. నాకు నాలుగోది ఇష్టం అని చెబితే ఇప్పటికీ కొందరు మొహం చిట్లిస్తారు. మా ఆయన అప్పటిదాకా అన్ని ఆటల్లోనూ యోధుడే, తన వంతు వస్తే "కొడతా" అనడం, మళ్లీ ఫోన్ చూసుకోవడం. నాలుగో ఎడిషన్ యోధుడికి కూడా మాంత్రికుడికి ఉన్నన్ని ఎత్తులు ఇచ్చింది, ఆ మనిషి మొదటిసారి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. మా ఇంకో ఫ్రెండుకి అదే పుస్తకం నచ్చలేదు, ఒక్కో కొట్లాట గంటకి పైగా సాగుతుంటే తన పాత్ర మాట్లాడేదెప్పుడు అని. తనకి 2010 నుంచి వచ్చిన, ఆరు ముఖాల డైస్ రెండు వేసి కలుపుకునే ఆటలు నచ్చాయి. 10 గానీ పైన గానీ అయితే పని అవుతుంది, 7 నుంచి 9 అయితే పనవుతుంది గానీ ఏదో ఒకటి వదులుకోవాలి, 6 గానీ తక్కువ గానీ అయితే చిక్కు. ఒక్క పాయింటు కలుపుకున్నా వందకి 44 సార్లు ఆ మధ్యలోదే పడుతుంది, కథంతా అక్కణ్ణించే పుడుతుంది. ఇద్దరూ తెలివైనవాళ్లే, ఇద్దరూ చెప్పింది నిజమే, ఒక టేబుల్ దగ్గర ఇమడరు అంతే.

మరి నీ వాళ్లకి ఏం కావాలో ఎలా తెలుస్తుంది? "నచ్చిందా" అని మాత్రం అడగకు. మనవాళ్లు మొహమాటానికి "సూపర్" అంటారు, వచ్చే వారం రారు. "వచ్చే ఆదివారం మీ పాత్ర ఏం చేద్దామనుకుంటోంది" అని అడుగు. ఒకడు ఆ కోట కొల్లగొడదాం అంటాడు, ఒకామె ఆ ముసలమ్మ అబద్ధం చెప్పింది, నిలదీస్తా అంటుంది, ఒకడు "ఏదైనా ఓకే బ్రో" అంటాడు. ఆ మూడోవాడు బిర్యానీకీ కబుర్లకీ వస్తున్నాడు, వాణ్ణి మార్చాలని చూడకు, ప్రతి టేబుల్‌కీ అలాంటివాడొకడు ఉంటేనే అందం. సెషన్ జరుగుతున్నప్పుడు ఫోన్లు ఎప్పుడు బోర్లాపడ్డాయో చూసి చిన్న కాగితం మీద రాసుకో. మూడు వారాలు రాస్తే చాలు, నీకే తెలుస్తుంది.

ఇంకొకటి, నువ్వు అడగలేదు గానీ చెప్తాను. రూల్స్ ఇంగ్లిష్‌లో నడిచినా పాత్రల చేత తెలుగు మాట్లాడించు. మన దగ్గర "నువ్వు", "మీరు" ఉన్నాయి కదా, ఏ రూల్ పుస్తకంలోనూ దొరకని సరుకు అది. నేనొకసారి ఒక గోబ్లిన్ చేత, అంటే చిట్టి రాక్షసుడి చేత, అందరినీ "తమరు" అనిపించాను, ఆ సాయంత్రం వాణ్ణి చంపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఇంకోసారి మూడు నెలలుగా "మీరు" అంటున్న రాజు ఒక్క వాక్యంలో "నువ్వు"కి దిగితే టేబుల్ అంతా చప్పుడు లేదు, ఒక్క డైస్ పడకుండానే.

చెయ్యాల్సింది చెప్తా. కత్తి తగిలే రూల్ తీసెయ్, బరువు లెక్క తీసెయ్. సున్నాకి చావు ఉంచాలా వద్దా అన్నది నువ్వొక్కడివే తేల్చకు, ఆటకి ముందే ఐదుగుర్నీ కూర్చోబెట్టి అడుగు, ఒక్కళ్లు ఇబ్బందిపడినా వదిలెయ్. ఆ యోధుడికి ఫోన్ చేసి నీ రూల్ తప్పని ఒప్పుకో, వాడికి ఆఫీసు పని తగ్గుతుంది. గుంటూరు అమ్మాయికి మెసేజ్ పెట్టకు, ఫోనే చెయ్యి, ఆ ఆరు పేజీలు ఈసారి నిజంగా చదివి చెయ్యి. అన్న చనిపోయాడని రాసింది గానీ శవం దొరికిందని ఎక్కడా రాయలేదని నువ్వే అన్నావు కదా.

డిసెంబర్లో వస్తున్నాను. కొండాపూర్‌లో మీ టేబుల్ దగ్గర నాకో కుర్చీ ఉంచు, మాంత్రికురాలిని నేనే తెచ్చుకుంటాను. ఎలకలు మాత్రం పెట్టకు.

మీ పిన్ని