రిజిస్టరులో పేరు లేని చేతి ఇంజెక్షను: గడువు ఎప్పటి నుంచి?

ప్రశ్న: మాది మదనపల్లె. పదేళ్ళుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. 2024 ఉగాది వెళ్ళిన మూడో రోజున మా వీధి చివరి క్లినిక్‌లో మా అమ్మకు (62) మోకాలి కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షను ఇచ్చారు. నాలుగు రోజులకే చీము పట్టింది. వేరే ఆసుపత్రిలో ఆపరేషను చేయించాం, 3.4 లక్షలు ఖర్చయింది. అమ్మ ఇప్పటికీ కర్ర లేనిదే నడవలేదు. ఇంజెక్షను ఇచ్చినాయన చదివింది హోమియోపతి అని తర్వాత తెలిసింది. కర్ణాటక మెడికల్ కౌన్సిల్‌కు (అల్లోపతి డాక్టర్ల రిజిస్టరు ఉండేది వీళ్ళ దగ్గరే) ఫిర్యాదు చేస్తే 2025 నవంబరులో కన్నడంలో ఏదో రాసి ఫైలు మూసేశారు. ‘పాతిక లక్షలు ఇస్తావా, పోలీసు కేసు పెట్టి యూట్యూబ్‌లో వీడియో వేయమంటావా’ అని ఆయనకు వాట్సాప్ పెడదామని మా బావమరిది అంటున్నాడు. మాకు న్యాయం జరుగుతుందా?
– ఒక పాఠకుడు, 2026 ఫిబ్రవరి

జవాబు: మీరు పంపిన ఆరు పేజీల్లో ఐదు పేజీలు ఇంజెక్షను ఇచ్చినాయన మాట్లాడిన తీరు గురించే ఉన్నాయి. అవి కేసుకు అక్కరకు రావు. అక్కరకు వచ్చే కాగితాన్ని మాత్రం ‘ఏదో రాశారు’ అని పక్కన పడేశారు. పదేళ్ళు బెంగళూరులో ఉండి, మన లిపికి తోడబుట్టిన లిపిలో ఉన్న రెండు పంక్తులను ఎవరితోనైనా చదివించుకోవాలని మీకు తోచకపోవడం ఆశ్చర్యం. మీరు పంపిన ఫొటోలో నేను చదివింది ఇదీ: సదరు వ్యక్తి పేరు తమ రిజిస్టరులో లేదు కనుక అతనిపై క్రమశిక్షణ చర్య తీసుకునే అధికారం తమకు లేదు. మీరు దాన్ని ఓటమి అనుకున్నారు. నిజానికి మీ కేసు నిలబడేది దాని మీదే.

రిజిస్టరైన అల్లోపతి డాక్టరు మీద నిర్లక్ష్యం రుజువు చేయాలంటే, సాటి డాక్టరు ఎవరూ అలా చేసి ఉండేవారు కాదని చాలా కేసుల్లో నిపుణుల చేత చెప్పించవలసి వస్తుంది. ఆ సాక్షి దొరకడమే గగనం. హోమియోపతి మాత్రమే చదివి, హోమియోపతి రిజిస్టరులోనే ఉన్న వ్యక్తి అల్లోపతి మందు వాడితే లెక్క వేరు. పూనమ్ వర్మ వర్సెస్ అశ్విన్ పటేల్ కేసులో (1996) సుప్రీంకోర్టు, తాను చదవని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని తేల్చి, మరణించిన రోగి భార్యకు 3 లక్షల పరిహారం ఇప్పించింది. అయితే చీము ఆ ఇంజెక్షను వల్లే పట్టిందని చూపించే భారం మీ మీదే ఉంటుంది. రెండో ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ మొదటి పేజీలో, ‘నాలుగు రోజుల క్రితం బయట మోకాలిలో ఇంజెక్షను తీసుకున్నారు’ అని చేర్చుకున్న రోజే రాసిన పంక్తి ఉంది చూడండి. అప్పటికి తగవు లేదు, వకీలు లేడు. అందుకే ఆ పంక్తికి అంత విలువ. పూర్తి కేస్ షీటు, చీము కల్చర్ రిపోర్టు కావాలని ఆ ఆసుపత్రికి ఈ వారమే స్పీడ్ పోస్టులో రాయండి. 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. వాటిని భద్రపరచవలసింది చికిత్స మొదలైనప్పటి నుంచి 3 ఏళ్ళే.

ఇల్లు మారేటప్పుడు క్లినిక్ చీటీని పాత పేపర్లతో పాటు తూకానికి వేశామని రాశారు. పంచాంగం మాత్రం భద్రంగా దాచుకుని ఉంటారు! అదృష్టం కొద్దీ ఆ చీటీ ఫొటో మీ ఫోనులో మిగిలింది: ‘డా.’ అన్నది బొటనవేలంత, ‘బి.హెచ్.ఎం.ఎస్.’ (హోమియోపతి డిగ్రీ) అన్నది చీమ తలకాయంత, కింద ఇంజెక్షను పేరు. కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద ఉండవలసిన రిజిస్ట్రేషను నంబరు ఎక్కడా లేదు. ఆ ఫోను అమ్మకండి, రీసెట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం జతచేసి ఆ ఫొటోను దాఖలు చేయాలి. ఇంజెక్షనుకు యూపీఐలో కట్టిన 1,800 రూపాయలకు బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకోండి. లేఖలో మీరు ఇవ్వని తేదీ నాకు దొరికింది మీరు పంపిన ఆ చెల్లింపు స్క్రీన్‌షాట్‌లోనే: 2024 ఏప్రిల్ 12.

ఆ తేదీతోనే చిక్కు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షను ప్రకారం వ్యాజ్య కారణం (కేసు వేయడానికి హక్కునిచ్చే ఘటన) పుట్టిన 2 ఏళ్ళలోగా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. ఆయన అసలు చదువు తర్వాతెప్పుడో తెలిసింది కనుక గడువు అప్పటి నుంచి నడుస్తుందన్న మీ లెక్కను నమ్ముకోకండి. హాని వెంటనే బయటపడితే గడువు అప్పుడే మొదలవుతుందని, లోపల దాగి ఉంటేనే తెలిసిన తేదీ చూస్తారని వి.ఎన్. శ్రీఖండే కేసులో (2010) సుప్రీంకోర్టు చెప్పింది. మీ అమ్మగారి మోకాలు నాలుగు రోజుల్లోనే వాచింది. కౌన్సిల్ చుట్టూ తిరిగిన నెలలను గడువులోంచి తీసేస్తారని కూడా అనుకోవద్దు. 2026 ఏప్రిల్ 12 ఆదివారం. అంతదాకా లాగకుండా మార్చి నెలాఖరుకే వేయండి. ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉన్నా, అది మీ హక్కు కాదు.

ఇక మీ బావమరిది సలహా. ఆ సందేశం పంపకండి, ఆయన్ను పంపనివ్వకండి. కేసు పెడతామని బెదిరించి డబ్బు అడిగితే భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షను కింద బలవంతపు వసూలు ఫిర్యాదుకు మీరే దారి ఇచ్చినట్టు. ఫిర్యాదిగా వెళ్ళవలసిన మీరు నిందితులై బెయిలు కోసం తిరగవలసి వస్తుంది. పైగా ఆ బెదిరింపులో పస కూడా లేదు. రిజిస్టరులో లేకుండా వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లోని 34వ సెక్షను కింద ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్న మాట నిజమే. కానీ 54వ సెక్షను ప్రకారం కమిషన్ గానీ రాష్ట్ర కౌన్సిల్ గానీ అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు దాన్ని విచారణకు తీసుకుంటుంది. ఆ ఫిర్యాదు చేయమని కౌన్సిల్‌ను రాతపూర్వకంగా కోరండి. దాని వల్ల మీ 3.4 లక్షలు తిరిగి రావు, అది వేరే సంగతి.

నవంబరు జవాబుకు ధ్రువీకృత నకలు కోసం 10 రూపాయల రుసుముతో ఆర్టీఐ దరఖాస్తు వేయండి. ఆ క్లినిక్ ఏ వైద్య పద్ధతి కింద రిజిస్టరైందో, అసలు రిజిస్టరైందో లేదో చెప్పమని జిల్లా ఆరోగ్యాధికారి కార్యాలయానికి మరొకటి. జవాబుకు 30 రోజుల గడువుంది. అవి వచ్చేదాకా ఆగకుండా ఫిర్యాదు వేసి, తర్వాత దాఖలు చేయవచ్చు. ఫిర్యాది మీ అమ్మగారు, మీరు కాదు. సంతకం ఆవిడ చేయాలి, మీకు అధికార పత్రం ఇస్తే హాజరుకు చాలు. ఫిర్యాది నివసించే చోటే వేయవచ్చు కనుక బెంగళూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ సరిపోతుంది. రుసుమును లెక్కగట్టేది మీరు కోరే పరిహారం మీద కాదు, సేవకు చెల్లించిన సొమ్ము మీద. అది 5 లక్షల లోపు ఉంటే రుసుమే లేదు.

ఆ వాట్సాప్ సందేశం ఈపాటికే వెళ్ళిపోయి ఉంటే చెరపకండి. వకీలుకు ముందుగా చూపించవలసింది దాన్నే.