కుండీలో క్లెమాటిస్: వానాకాలం దాటించడమే అసలు పని

ప్రశ్న: మాది కొరాపుట్ జిల్లా సెమిలిగూడ దగ్గర పల్లె. పోయిన ఏడాది పొట్టి రకం క్లెమాటిస్ పూల తీగలు రెండు తెప్పించాను. పది అంగుళాల నల్ల ప్లాస్టిక్ కుండీల్లో ఎర్రమట్టి, పేడ ఎరువు నింపి డాబా మీద పెట్టాను. నెలకో చెంచా యూరియా వేశాను. గుబురు రావాలని ఏప్రిల్‌లో కొసలు తుంచాను. జులైలో ఒకటి రాత్రికి రాత్రే వేలాడిపోయి నల్లబడింది. రెండోది ఆకులే తప్ప పువ్వు లేదు. వంద కుండీలు పెంచి సునాబెడ, విశాఖపట్నంలో అమ్మాలని ఉంది. సలహా ఇవ్వండి.
– ఒక రైతు, కొరాపుట్ జిల్లా, ఒడిశా

జవాబు: వంద కుండీల మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ముందు నాలుగైదు మొక్కలను ఒక వానాకాలం దాటించి చూడండి. ఇది చలిదేశపు తీగ. చలికాలంలో కాస్త విశ్రాంతి దొరికితేనే బాగా పూస్తుంది. మీ కొండమీద శీతాకాలం రాత్రులు 10 డిగ్రీల లోపుకి దిగుతాయి కాబట్టి ప్రయత్నించవచ్చు. ఘాటు దిగి జయపురం వెళితేనే కష్టం, గుణుపురం, పర్లాకిమిడి వైపు అయితే నేను వద్దనే చెబుతాను.

నల్లబడిన మొక్కను ఇంకా పారేయలేదు కదా? కాండం, ఆకు కాడలు నల్లబడి ఉంటే అది శిలీంద్రం వల్ల వచ్చే వడలు తెగులు. నలుపు లేకుండా ఊరికే వాలితే వేరు కుళ్లో, గాలికి కాండం విరగడమో కారణం. తెగులైతే నల్లబడిన భాగమంతా, అవసరమైతే మట్టి మట్టం దాకా కోసి కాల్చేయండి. కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. శిలీంద్రాన్ని చంపే మందు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదలు తడిసేలా పోయండి. వేరు బతికి ఉంటే కింది కణుపుల నుంచి మళ్లీ చిగురు రావచ్చు. అందుకే ఈ తీగను నర్సరీ కుండీలో ఉన్న మట్టం కన్నా 5–8 సెం.మీ. లోతుగా, రెండు కణుపులు మట్టిలో మునిగేలా నాటాలి. చాలా మొక్కలకు ఇలా చేస్తే మొదలు కుళ్లుతుంది, దీనికి మాత్రం అదే ప్రాణరక్ష.

మీ ఎర్రమట్టి వర్షానికి గట్టిపడి నీరు దిగనివ్వదు. పది అంగుళాల నల్ల కుండీ ఎండకు కాగుతుంది. వేరుకు ఈ రెండూ గిట్టవు. కనీసం 45 సెం.మీ. వెడల్పు, అంతే లోతు ఉన్న మట్టి లేదా సిమెంటు కుండీ తీసుకోండి. మట్టి నాలుగు పాళ్లు, వర్మీకంపోస్టు లేదా బాగా చివికిన పశువుల ఎరువు మూడు, ముతక ఇసుక రెండు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు. మీ వైపు నేలలు చాలావరకు ఆమ్లగుణం ఉన్నవి. ఈ తీగకు ఉదజని సూచిక (pH) 6.5–7 ఉంటే చాలు, కాబట్టి ఆమ్లగుణం తగ్గించే డోలమైట్ పొడి కుండీకి 100 గ్రాములు కలపండి. సెమిలిగూడలోని కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టి చూపించి వేస్తే ఇంకా మంచిది. కుండీ కింద మూడు ఇటుక ముక్కలు పెట్టి రంధ్రాలు నేలకు అంటుకోకుండా చూడండి. వానలు తగ్గాక అక్టోబరు–నవంబరులో నాటండి. బతికిన తీగను కూడా అప్పుడే మార్చండి.

డాబా మీద నుంచి దించేయండి. ఉదయం నాలుగైదు గంటల ఎండ పడి, మధ్యాహ్నం గోడ నీడ వచ్చే తూర్పు వైపు సరిపోతుంది. తీగకు ఎండ, వేరుకు నీడ కావాలి. కుండీ ముందు ఇంకో చిన్న మొక్క పెట్టినా, పైన గడ్డి పరిచినా పని జరుగుతుంది. ఈ తీగకు నులితీగలు ఉండవు, ఆకు కాడతోనే చుట్టుకుంటుంది. లావు కర్ర పాతితే పట్టుకోలేక జారిపోతుంది. చిటికెన వేలికన్నా సన్నని వెదురు బద్దలు, తీగ వల కట్టండి. పొట్టి రకాలు మీటరు, మీటరున్నర కన్నా పెరగవు.

పువ్వు రాకపోవడానికి మీరు చేసిన రెండు పనులే కారణం కావచ్చు. యూరియా ఆకును పెంచింది, ఏప్రిల్‌లో తుంచిన కొసల్లో మొగ్గలు పోయాయి. కత్తిరింపు జనవరి చివర, మొగ్గలు ఉబ్బేటప్పుడు చేయాలి. నేల నుంచి 20–30 సెం.మీ. ఎత్తులో బలమైన జంట మొగ్గల పైన కోయండి. రెండు నెలలు దాటాక పూత మొదలవుతుంది. చిగురు వచ్చాక నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే 19:19:19 ఎరువు లీటరు నీటికి 3 గ్రాములు పదిహేను రోజులకోసారి, మొగ్గ కనిపించాక పొటాష్ ఎక్కువుండే 13:0:45 అంతే మోతాదులో పోయండి. పువ్వు విచ్చడం మొదలైతే ఎరువు ఆపండి, పూత ఎక్కువ రోజులు నిలుస్తుంది. తొలి పూత అయ్యాక సగం తీగ కోస్తే రెండోసారి పూయవచ్చు, అయితే మే ఎండకు పువ్వు చిన్నదవుతుంది.

జూన్ రాగానే కుండీలను చూరు కిందకు చేర్చండి. పైమట్టి రెండు అంగుళాలు ఆరితేనే నీరు పెట్టండి. నత్తలు లేత చిగుళ్లను ఒక్క రాత్రిలో తినేస్తాయి, సాయంత్రం ఏరాలి. ఎండాకాలంలో ఆకు అడుగున ఎర్రనల్లి కనిపిస్తే నీటిని అడుగు నుంచి బలంగా చిమ్మండి. నల్లికి వాడే గంధకం మందు 32 డిగ్రీలు దాటిన ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

అమ్మకం సంగతి: సునాబెడలో కొనేవారికి పర్వాలేదు, విశాఖ ఉక్కకు ఆ తీగ నిలవదు. అక్కడికి పంపితే పూతకాలపు మొక్కగానే అమ్మండి, ఏళ్లతరబడి ఉంటుందని మాట ఇవ్వకండి. కొత్త పొట్టి రకాల్లో చాలావాటి మీద ఆ రకాన్ని రూపొందించినవారికి హక్కులు ఉంటాయి. కొమ్మలు నాటి అమ్మే ముందు మొక్క ఇచ్చినవారిని అడగండి. ఇంటి అవసరానికైతే జులైలో సగం ముదిరిన తీగ తీసుకుని కణుపు పైన, దానికి 4 సెం.మీ. కింద కోసి, రెండు ఆకుల్లో ఒకటి తీసేసి ఇసుక, కొబ్బరి పొట్టులో నీడన పెట్టండి. వేరు రావడానికి నెలన్నర పట్టవచ్చు. కోసేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి, రసం చర్మాన్ని మండిస్తుంది. కోసిన తీగలను మేకలకు వేయకండి.