ఒళ్ళో కూర్చుని మా ఆయన మీదే గుర్రుమంటోంది!

ఈసారి ఉత్తరాలన్నీ పొమెరేనియన్లు (పామ్‌లు), షిట్జూలు, పగ్‌లు లాంటి చిన్న జాతి కుక్కల గురించే. చదువుతుంటే ఒకటి అనిపించింది, పెద్ద కుక్క చేస్తే మొదటి రోజే భయపడి ఎవరికో ఒకరికి చూపించే పనిని చిన్న కుక్క చేస్తే మనం నెలల తరబడి ముద్దు చేసి, పరిస్థితి చెయ్యి దాటాక ఉత్తరం రాస్తున్నాం. సరే, ఒక్కొక్కటే చూద్దాం.

ప్రశ్న: డాక్టర్‌గారూ, మా పామ్‌కి రెండేళ్ళు. ఎప్పుడూ నా ఒళ్ళోనే. మా ఆయన వచ్చి సోఫాలో నా పక్కన కూర్చోబోతే చాలు గుర్రుమంటుంది. మొదట్లో "చూడు, నిన్ను నాకు దక్కనివ్వదట" అని నవ్వుకుని వీడియోలు కూడా తీసాం. పోయిన వారం నిజంగానే ఆయన వేలు కరిచింది, కొంచెం రక్తం వచ్చింది. తిడితే మాత్రం చెవులు వెనక్కి పెట్టి, తల దించుకుని దొంగచూపులు చూస్తుంది, అంటే తప్పు చేసానని దానికి తెలుసు కదా, మరి మళ్ళీ ఎందుకు చేస్తోంది?

జవాబు: అమ్మా, ముందు వేలి సంగతి. పెంపుడుదే కదా, చిన్న పన్నే కదా అని వదిలేయొద్దు. చర్మం తెగితే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి, ఆ తర్వాత డాక్టర్‌కి చూపించి రేబిస్ టీకా విషయం తేల్చుకోవాలి. ఇంకా వెళ్ళకపోతే ఇది చదవడం ఆపి ఆయన్ని తీసుకుని వెళ్ళిరండి.

ఇప్పుడు కుక్క సంగతి. ఇదే పని 35 కేజీల జర్మన్ షెపర్డ్ చేసి ఉంటే మీరు వీడియో తీసేవారా? మీ పామ్ బుర్రలో జరుగుతున్నది కూడా అదే, కాకపోతే దాని నోరు చిన్నది. అది ఒళ్ళుని తన జాగాగా పట్టుకుంది, ఎవరైనా దగ్గరికి వస్తే ఆ జాగా పోతుందని భయం. ఆయన మీద పగేమీ లేదండి, ఈర్ష్య అని మనం పెట్టుకున్న పేరే.

గుర్రుమన్నందుకు మాత్రం కొట్టకండి, తిట్టకండి. గుర్రుమనడం అంటే "దూరంగా ఉండు" అని అది మర్యాదగా చెప్తున్న హెచ్చరిక, దాన్ని నొక్కేస్తే భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది, రేపు చప్పుడు లేకుండా నేరుగా కరుస్తుంది. "ఏ సూచనా లేకుండా కరిచిందండీ" అని వచ్చేవాళ్ళ ఇళ్ళల్లో అడిగి చూస్తే చాలాసార్లు అంతకుముందు గుర్రుమన్నప్పుడల్లా దెబ్బ పడి ఉంటుంది.

చేయాల్సింది ఏంటంటే, గుర్రుమనగానే మీరు ఏమీ మాట్లాడకుండా, దాని మొహం వైపు చూడకుండా మెల్లగా లేచి నిలబడండి. ఒళ్ళు పోయింది. అంతే, పాఠం అయిపోయింది. ఇది సగం పని. రెండో సగం మీ ఆయన చేయాలి, ఆయన వస్తే పోవడం కాదు రావడం ఉంటుందని దానికి తెలియాలి. గుమ్మం దగ్గర నుంచే, అంటే అది ఇంకా ప్రశాంతంగా ఉన్న దూరం నుంచే, ఒక చిన్న ట్రీట్ ముక్క నేల మీద వేసి వెళ్ళిపోమనండి. రోజులు గడిచేకొద్దీ ఒక్కో అడుగు దగ్గరికి. ఎక్కడ ఒళ్ళు బిగించిందో, తినడం ఆపి కళ్ళు తెల్లగా కనపడేలా పక్కచూపు చూసిందో అక్కడ ఆగి ఒక అడుగు వెనక్కి. దాని గిన్నెలో తిండి పెట్టే పని, వాకింగ్ తీసుకెళ్ళే పని కూడా కొన్నాళ్ళు ఆయనకే ఇచ్చేయండి. "దిగు" అనే మాట నేర్పండి, దిగితే కింద ట్రీట్ ఉంటుంది, చేత్తో పట్టి లాగేయడం మాత్రం వద్దు. కొన్నాళ్ళు సోఫా, మంచం రెండూ బంద్, దాని పరుపు దానికే.

ఇక ఆ దొంగచూపు. కుక్కల ప్రవర్తన మీద పనిచేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఆవిడ 2009లో దీని మీద ఒక పరిశోధన ప్రచురించారు. కుక్కల్ని ముట్టుకోవద్దన్న తిండి దగ్గర వదిలారు, తర్వాత యజమానులకి కుక్క తిన్నదా లేదా అన్నది కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు అబద్ధం చెప్పారు. తేలింది ఏంటంటే ఆ "తప్పు చేసిన మొహం" తప్పు చేసిందా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, యజమాని తిట్టారా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. అంటే మీది పశ్చాత్తాపం చూపించట్లేదు, మీ గొంతు చూసి "కోప్పడకు" అంటోంది.

ఇంకో మాట, ఈ గుర్రు ఈమధ్యే హఠాత్తుగా మొదలై ఉంటే ముందు వెట్ (పశువుల డాక్టర్) దగ్గర పళ్ళు, మోకాళ్ళు, నడుము చూపించండి, నొప్పి ఉన్న కుక్క ముట్టుకోనివ్వదు. రక్తం వచ్చేదాకా వెళ్ళింది కాబట్టి ఇంట్లో ప్రయత్నిస్తూనే బిహేవియర్ తెలిసిన ట్రైనర్‌ని కూడా కలిస్తే మంచిది, "నేనే లీడర్" అని కుక్కని వెల్లకిలా పడేసి నొక్కి పట్టుకునే రకం ట్రైనర్‌ని కాదు.

ప్రశ్న: మూడు నెలల షిట్జూ. బయటికి తీసుకెళ్తే ఉచ్చ పోయదు, లోపలికి రాగానే కార్పెట్ మీద పోసేస్తుంది. మూతి రుద్దితే నేర్చుకుంటుందన్నారు, అదీ చేసాం. ఇప్పుడు మాకు కనపడకుండా సోఫా వెనక పోస్తోంది. కావాలనే చేస్తోందా?

జవాబు: మీరు నేర్పిందే చేస్తోందండి. మూతి రుద్దడం వల్ల దానికి అర్థమైంది "కార్పెట్ మీద పోయకూడదు" అని కాదు, "వీళ్ళ ముందు పోస్తే ప్రమాదం" అని, అందుకే బయట మీ పక్కన లీష్‌తో (మనం పట్టుకునే తాడుతో) ఉన్నప్పుడు బిగబట్టుకుని సోఫా వెనక్కి పోతోంది. ఆ రుద్దుడు ఇవాళే ఆపేయండి.

పప్పీ ఎంతసేపు ఆపుకోగలదు అన్నదానికి ఒక మోటు లెక్క ఉంది, ఎన్ని నెలల వయసో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు. మీదానికి మహా అయితే నాలుగు, అదీ కదలకుండా పడుకుని ఉంటే. మెలకువగా ఆడుతున్నప్పుడు గంటకే రావచ్చు, చిన్న జాతుల్లో ఇంకా త్వరగా. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకి, ఆట మధ్యలో, పడుకోబోయే ముందు, ప్రతిసారీ ఒకే చోటికి తీసుకెళ్ళి నోరు మూసుకుని నిలబడండి. పోయడం అయిపోయిన మరుక్షణం అక్కడే ట్రీట్, ఇంట్లోకి వచ్చాక ఇస్తే ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. పోసాక వెంటనే ఇంటికి తెచ్చేయకండి, కాసేపు తిప్పండి, లేకపోతే పోస్తే షికారు అయిపోతుందని అది కూడా లెక్కలు వేసుకుంటుంది.

కార్పెట్‌కి ఎంజైమ్ ఉన్న క్లీనర్ వాడండి, అమోనియా వాసన వచ్చేవి వద్దు, ఉచ్చలో కూడా ఆ వాసనే ఉంటుంది కాబట్టి అక్కడే మళ్ళీ పోయమని పిలిచినట్టు అవుతుంది. ఇంట్లోనే ఉచ్చ పోయడానికి పరిచే ప్యాడ్ వాడాలనుకుంటే వాడండి తప్పు లేదు, కానీ ప్యాడా బయటా అన్నది ఇంట్లో అందరూ కలిసి ఒకటే అనుకోండి.

ప్రశ్న: లీష్ లాగినప్పుడల్లా మా యార్కీ (యార్క్‌షైర్ టెర్రియర్) బాతు అరిచినట్టు దగ్గుతోంది. గొంతులో ఏదైనా ఇరుక్కుందా?

జవాబు: ఇరుక్కోలేదేమో గానీ తేలిగ్గా తీసుకునేది కాదు. యార్కీలు, పామ్‌లు, చువావాల్లో శ్వాసనాళానికి ఉండే మెత్తటి ఎముక వలయాలు బలహీనపడి నాళం నొక్కుకుపోతుంది, దగ్గు అచ్చం మీరు చెప్పినట్టే ఉంటుంది. మెడ బెల్టు ఇవాళే తీసేసి ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వేయండి, ఇంట్లో సిగరెట్, అగరుబత్తి పొగలు తగ్గించండి, బరువు ఎక్కువుంటే అది తగ్గించడమే పెద్ద మందు. దగ్గుని ఫోన్‌లో రికార్డ్ చేసి వెట్‌కి చూపించండి, క్లినిక్‌లోకి వెళ్ళగానే ఏ కుక్కా దగ్గదు. గుండె జబ్బు వల్ల కూడా దగ్గు వస్తుంది కాబట్టి పరీక్ష తప్పదు. నాలుక నీలం తిరిగినా, కళ్ళు తిరిగి పడిపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు.

ప్రశ్న: ఆఫీసుకి బయల్దేరిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా అరుస్తూనే ఉంటుందట, పక్కింటివాళ్ళు గొడవ పెడుతున్నారు. తోడుగా ఇంకో కుక్కని తెస్తే సరిపోతుందా? మాల్టీస్, నాలుగేళ్ళు.

జవాబు: తేవద్దు, కనీసం ఇప్పుడు. అది ఎదురుచూసేది మీ కోసం, కుక్క కోసం కాదు, చాలా ఇళ్ళల్లో జరిగేది ఏంటంటే రెండోది కూడా మొదటిదాన్ని చూసి అరవడం మొదలుపెడుతుంది.

ముందు పాత ఫోన్ ఒకటి పెట్టి మీరు వెళ్ళాక ఏం జరుగుతుందో రికార్డ్ చేయండి. కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మీద అరుస్తుంటే కర్టెన్ వేసేస్తే చాలా వరకు తగ్గుతుంది. అలా కాకుండా మీరు వెళ్ళిన కొన్ని నిమిషాల్లోనే గుమ్మం గీరడం, చొంగ కార్చడం, అటూ ఇటూ తిరగడం, ఇష్టమైన ట్రీట్ కూడా ముట్టకపోవడం ఉంటే అది అల్లరి కాదు, ఒంటరి భయం. భయానికి శిక్ష పనిచేయదు, అరిస్తే షాక్ ఇచ్చే బెల్టులు అమ్ముతారు, దయచేసి కొనకండి.

భయాన్ని కొంచెం కొంచెంగా అరగదీయాలి. తాళాలు తీసుకుని ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చోండి, చెప్పులేసుకుని టీవీ చూడండి, తాళాల చప్పుడుకి అర్థం లేకుండా పోవాలి. తర్వాత తలుపు అవతలికి పది సెకన్లు, అది కంగారు పడకముందే వెనక్కి. తర్వాత అర నిమిషం, రెండు నిమిషాలు, మధ్యలో మళ్ళీ తక్కువ. వారాలు పడుతుంది, విసుగొస్తుంది, చెప్తున్నా. ఇది నేర్పే రోజుల్లో దాన్ని తట్టుకోలేనంతసేపు ఒంటరిగా వదలకూడదు, అదే అందరికీ కుదరని పని, చుట్టాలో స్నేహితులో డే కేరో ఏదో ఒకటి చూసుకోవాలి. తీవ్రంగా ఉంటే వెట్ మందులు ఇస్తారు, మందు అనగానే మత్తు అనుకుని భయపడకండి, నేర్చుకునేంత ప్రశాంతత ఇవ్వడానికి అవి.

ప్రశ్న: మా పగ్ 11 కేజీలు. డాగ్ ఫుడ్ ముట్టదు, మేం తింటుంటే కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తుంది, చూడలేక పెట్టేస్తాం. కొంచెమే పెడతాం.

జవాబు: ఆ "కొంచెం" ఎవరి లెక్కలోనో చూడాలండి. పగ్ మామూలుగా 6 నుంచి 8 కేజీలు ఉండాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన 8 కేజీల కుక్కకి రోజంతటికీ సుమారు 500 కేలరీలు చాలు, ట్రీట్లూ పై తిండీ అన్నీ కలిపి అందులో పదో వంతు దాటకూడదు, అంటే 50. ఒక్క చీజ్ స్లైసే సుమారు 60 కేలరీలు. ఇంట్లో నలుగురూ తలా ఒక ముక్క "కొంచెం" పెడితే ఆ పూట డాగ్ ఫుడ్ దానికెందుకు?

తిండి కొలిచి రెండు పూటలా పెట్టండి, ఇరవై నిమిషాల్లో తినకపోతే గిన్నె తీసేయండి, ఎదిగిన ఆరోగ్యమైన కుక్క ఒక పూట మానేస్తే ఏమీ కాదు. ఒక రోజు దాటి అస్సలు తినకపోతే మాత్రం మొండితనం అనుకోకుండా వెట్‌కి చూపించండి. మీరు తినేటప్పుడు దాన్ని వేరే గదిలో, నమిలే బొమ్మతో ఉంచండి. ఏడుపుకి పదిసార్లు లొంగక పదకొండోసారి లొంగితే పదకొండుసార్లు ఏడవాలని నేర్పినట్టే. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ అసలు దాని దరిదాపుల్లో ఉండకూడదు, కుక్క ఎంత చిన్నదైతే విషానికి అంత తక్కువ చాలు.

పగ్‌కి మూతి పొట్టి, అందులో లావు, ఊపిరి తీసుకోవడమే కష్టం. ఎండలో నడిపించకండి. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది, 104 దాటితే ఎమర్జెన్సీ, మామూలు నీళ్ళతో తడిపి ఫ్యాన్ పెట్టి వెంటనే హాస్పిటల్‌కి.

ప్రశ్న: వేసవిలో మా పామ్‌కి మొత్తం గుండు చేయించొచ్చా?

జవాబు: వద్దు. రెండు పొరల బొచ్చు అది, గుండు చేస్తే కొన్నిటికి మళ్ళీ సరిగా రాదు, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. రాలిపోయే లోపలి బొచ్చుని దువ్వి తీసేయండి చాలు.

ప్రశ్న: చువావా, తొమ్మిది నెలలు. నోరు భరించలేని కంపు. కోర పళ్ళు పక్కపక్కనే రెండేసి ఉన్నాయి, మామూలేనా?

జవాబు: మామూలు కాదు. పాలపళ్ళు 28, పెద్దవి 42, ఎంత చిన్న కుక్కకైనా ఎంత పెద్ద కుక్కకైనా అన్నే, ఆ బుల్లి దవడలో 42 సర్దుకోవడమే గగనం. ఆరేడు నెలలకి పాలపళ్ళన్నీ ఊడిపోవాలి, ఊడకపోతే రెండిటి మధ్యా తిండి ఇరుక్కుని చిగుళ్ళు చెడతాయి. వెట్ మత్తిచ్చి ఆ పాల కోరలు తీసేస్తారు, స్టెరిలైజేషన్ ఆపరేషన్ ఇంకా కాకపోతే రెండూ ఒకేసారి చేయించుకోవచ్చు.

తర్వాత రోజూ బ్రష్. మన పేస్ట్ వాడకూడదు, కుక్క ఉమ్మేయదు, మింగేస్తుంది, అందులో ఫ్లోరైడ్, కొన్నిట్లో జైలిటాల్ ఉంటాయి. కుక్కల పేస్ట్ మొదటి వారం వేలికి రాసి నాకనివ్వండి, తర్వాత వేలితో పళ్ళు రుద్దండి, ఆ తర్వాతే బ్రష్, బయటి వైపు అర నిమిషం చాలు. నమలడానికి ఇచ్చేది ఏదైనా సరే గోరుతో నొక్కితే నొక్కు పడాలి, పడనంత గట్టిగా ఉంటే పన్ను విరుగుతుంది.

ప్రశ్న: రెండు నెలల పప్పీ, కిలో కూడా లేదు. పొద్దున్నుంచి తినలేదు, తూలుతూ వణుకుతోంది. నిద్రపోనిస్తే తగ్గుతుందా?

జవాబు: మీకు ఫోన్‌లోనే చెప్పేసాం, మిగతావాళ్ళకోసం ఇక్కడ వేస్తున్నాం. నిద్రపోనివ్వొద్దు. ఇంత చిన్న పిల్లల్లో నిల్వ ఉండే చక్కెర చాలా తక్కువ, కొన్ని గంటలు తినకపోతే షుగర్ పడిపోయి ఫిట్స్ కూడా వస్తాయి. తేనె గానీ పంచదార పాకం గానీ వేలితో చిగుళ్ళకి రాయండి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుడ్డలో చుట్టి వెచ్చగా పెట్టుకుని వెట్ దగ్గరికి బయల్దేరండి, దారిలో కోలుకుని తోక ఊపినా వెనక్కి తిరగకండి, ఎందుకు పడిపోయిందో తేలాలి, పొట్టలో పురుగులో ఇన్‌ఫెక్షనో ఉండొచ్చు. నాలుగు నెలలు వచ్చేదాకా ఈ సైజు పప్పీకి మూడు నాలుగు గంటలకోసారి తిండి పడాలి, రాత్రి పడుకోబోయే ముందు కూడా.