క్లచ్ మీద రెండు వేళ్లు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

తుప్పుపట్టి మూలన పడివున్న పాత 350 సీసీ మోటార్‌సైకిల్‌ను కొన్నావనీ, దాన్ని మొత్తం విప్పి నీకు నచ్చిన రూపంలో మళ్లీ కట్టబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మంచిదని గానీ వద్దని గానీ అనలేదు, చెప్పి ఊరుకుంది. ఆ ఊరుకోవడం వెనక ఏముందో నాకు తెలుసు, నీకు తెలియదు. ఆ రాత్రి నాకు సంతోషంతో కొంత, భయంతో కొంత నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. విప్పే ముందు ప్రతి భాగాన్నీ, ప్రతి వైరు వెళ్లే దారినీ ఫొటో తీసి పెట్టుకో. పెట్రోలు పోసిన ట్యాంకు ఎంత ఖాళీగా కనబడినా దానికి వెల్డింగ్ మంట చూపించకు, లోపల మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కనుక డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదవద్దు, తడిగుడ్డతో తుడువు. చేత్తో సులువుగా తిరగని బోల్టును స్పానర్‌తో బలవంతంగా ఎక్కించకు. పాత బ్రిటిష్ బళ్లలోని విట్‌వర్త్ అనే కొలత మరల పళ్ల కోణం 55 డిగ్రీలు, మెట్రిక్ మరలది 60, ఆ రెండింటికీ పొత్తు కుదరదు. ఫ్రేము కోసి ముందు ఫోర్కు వాలు మార్చే ఆలోచన ఉంటే మాత్రం మానుకో. చూపుకు బాగుంటుంది, కాదనను; కానీ వాలుతో పాటు ట్రెయిల్, అంటే హ్యాండిల్ తిరిగే ఇరుసు గీత నేలను తాకే చోటికీ ముందు చక్రం నేలను తాకే చోటికీ మధ్య దూరం, మారుతుంది, దానితో హ్యాండిల్ తిరిగే తీరే మారిపోతుంది.

ట్యూనింగ్‌కు ఒక వరస ఉంది. ముందు ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు), తరువాత పాయింట్ల గ్యాప్ (స్పార్క్ పుట్టించే కాంటాక్టుల మధ్య సందు), ఆ తరువాత టైమింగ్ (స్పార్క్ పడే క్షణం), అన్నిటికన్నా చివర గాలినీ పెట్రోలునూ కలిపే కార్బ్యురేటర్. గ్యాప్ పెంచితే టైమింగ్ ముందుకు జరుగుతుంది కాబట్టి, టైమింగ్ పెట్టాక గ్యాప్ ముట్టుకున్నావంటే చేసిన పని మళ్లీ మొదటికి వస్తుంది. కార్బ్యురేటర్‌లోనూ ఎవరి ఇలాకా వారిదే: ఐడిలింగ్ (బండి నిలబడి ఇంజను మెల్లగా నడవడం) దగ్గర పైలట్ జెట్ (జెట్ అంటే పెట్రోలు పారే సన్నని రంధ్రం), థ్రాటిల్ కొద్దిగా తెరిచినప్పుడు గాలి దారిని తెరిచే స్లైడ్ అంచు కోత, పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, ఆ పైన మెయిన్ జెట్. ఒకరి తప్పుకు ఇంకొకరిని శిక్షించకూడదు. నేను సరిగ్గా ఆ పనే చేశాను.

అప్పుడు నాకు నీ వయసే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి బయటి గాలికి తెరిచి ఉండే ఫిల్టర్ పెట్టాను, సైలెన్సర్ కూడా గాలి ధారాళంగా పోయేది బిగించాను. లోపలికి వచ్చే గాలి పెరిగింది కనుక మెయిన్ జెట్ కూడా పెద్దది వేయాలి. ఆ లెక్క నాకు తెలియక కాదు. అయినా స్పార్క్ ప్లగ్ రంగు ఏం చెబుతుందో చూద్దామని ఒక సాయంత్రం బండిని బాగా తిప్పి, చివరి మైలు మెల్లగా నడిపి, ఇంటి ముందు ఐడిలింగ్‌లో కాసేపు ఉంచి, తీరిగ్గా ప్లగ్ విప్పాను. నల్లటి మసి. పెట్రోలు ఎక్కువై మిశ్రమం చిక్కగా ఉందని తేల్చేసి, 220 మెయిన్ జెట్ తీసి అంతకన్నా చిన్నదైన 200 వేశాను. ఆ మసి పైలట్ జెట్‌దనీ, మెయిన్ జెట్ గురించి ఆ ప్లగ్ నాకు ఒక్క ముక్కయినా చెప్పలేదనీ తోచలేదు. పైగా మిశ్రమం పలచబడిన ఇంజను మొదట్లో చురుగ్గా పలుకుతుంది. ఆ పలుకు విని మురిసిపోయి, నా పనితనం చూపించాలని వెనక సీటు మీద చెల్లెల్ని, అంటే మీ అమ్మను, ఎక్కించుకున్నాను.

ఖాళీ రోడ్డు మీద థ్రాటిల్ పూర్తిగా తెరిచి పది నిమిషాలు కూడా పోనివ్వలేదు. శబ్దం ఒక్కసారి బిగుసుకున్నట్టయింది, ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు బండి బరువెక్కింది, మరుక్షణం వెనక చక్రం తిరగడం ఆగిపోయి ఈడ్చుకుపోసాగింది. పలచని మిశ్రమం వేడికి పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ను కరుచుకుంది. క్లచ్ పట్టుకుంటే చక్రం విడుదలై బండి దొర్లుకుంటూ పోయి ఆగేది, కానీ నా వేళ్లన్నీ హ్యాండిల్‌ను బిగించి పట్టుకున్నాయి. అవి విప్పుకుని క్లచ్ చేరేలోగా ఇద్దరం రోడ్డు మీద ఉన్నాం. మీ అమ్మ మోచేతి మీది మచ్చ మెట్ల మీద జారిపడితే వచ్చిందని నీకు చెప్పింది కదూ? ఇంట్లో అందరికీ అదే చెప్పింది, ఇన్నేళ్లూ ఆ మాట మీదే ఉంది. నన్ను ఒక్కనాడూ ఏమీ అనలేదు.

కనుక మెయిన్ జెట్ చూడాలంటే నువ్వు ఇలా చెయ్యి. కావాలని ఒక పెద్ద జెట్‌తో మొదలుపెట్టి ఒక్కో మెట్టే దిగు. ఇంజను వేడెక్కాక శుభ్రమైన ప్లగ్ వేసి, మనుషులు లేని దారిలో థ్రాటిల్ పూర్తిగా తెరిచి కొంతదూరం పోయి, అదే వేగంలో క్లచ్ పట్టి ఇంజను ఆపేసి, దొర్లుతూ ఆగిన చోటే ప్లగ్ విప్పి చూడు. తెల్లగా పాలిపోయి ఉంటే పలచన, మసి ఉంటే చిక్కన. జెట్ మీది అంకెను బట్టి రెండు కార్బ్యురేటర్లను పోల్చకు. అమాల్, డెల్ఓర్టో రెండూ కార్బ్యురేటర్ కంపెనీలే, కానీ అమాల్ అంకె నిమిషానికి పారే ఇంధనం లెక్క, డెల్ఓర్టోది మిల్లీమీటరులో నూరో వంతుల్లో రంధ్రం వ్యాసం. ఇథనాల్ కలిసిన పెట్రోలుతో పాత జెట్టే మరికాస్త పలచబడుతుందని కూడా మరిచిపోకు. ఇప్పుడు ఎగ్జాస్ట్ గొట్టానికి బిగించే ఆక్సిజన్ సెన్సర్లు వచ్చాయి. మా కాలంలో అవి లేవని గొప్పలు చెప్పుకునే ముసలాళ్ల మాట వినకుండా ఒకటి కొనుక్కో. మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి గాలి, పెట్రోలు 14.7కి 1 చొప్పున చాలు గానీ, పూర్తి థ్రాటిల్‌లో సుమారు 12.5 నుంచి 13 మధ్య ఉంటేనే పిస్టన్‌కు చల్లదనం, నాకు నిద్ర.

నీ చేతి మీద నాకు నమ్మకం లేక ఇంత రాయలేదమ్మా. చిన్నప్పుడు గోడగడియారం విప్పి మళ్లీ నడిపించిన పిల్లవు నువ్వు, రెండు మరలు మిగిలాయనుకో. మిగలకూడదని ఆ రోజు నిన్ను అంతగా కసిరినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

బండి రోడ్డెక్కిన రోజు మీ అమ్మ వెనక కూర్చుంటానని తప్పకుండా అడుగుతుంది. జెట్ తేలేదాకా ఎక్కించకు. తేలాక ఎక్కించుకున్నా, దారి పొడుగునా ఎడమ చేతి రెండు వేళ్లు క్లచ్ మీదే ఉంచు.

ఇట్లు
మీ మావయ్య