ప్రాసెసర్ మారుస్తానంటున్న మా అమ్మాయికి

బంగారు తల్లికి, పెద్దనాన్న ఆశీస్సులు.

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. ఇంట్లో మూలన పడి ఉన్న కంప్యూటర్ విప్పి, అందులోని పాత సెలెరాన్ ప్రాసెసర్ తీసేసి డ్యూయల్ కోర్, అంటే రెండు కోర్ల ప్రాసెసర్ వేస్తానంటున్నావట. తమ్ముడి చదువుకు పనికొస్తుంది, బాగున్నదాన్ని పారేయడం ఎందుకు అన్నావట. చెబుతున్నంతసేపూ వాడి గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. "నువ్వు చెబితే వింటుంది అన్నయ్యా, వద్దని చెప్పు" అన్నాడు. నేను వద్దని చెప్పను. ఆ మాట విన్నప్పటి నుంచి నాకెంత సంతోషంగా ఉందో వాడికి అర్థం కాదు. కానీ రాత్రంతా నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు. వాడి భయం ఊరికే పుట్టింది కాదు, దాని వెనక ఒక కథ ఉంది. అది నీకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదనుకుంటాను.

ముందు అసలు మాట. ఈ పనిలో చేతి బలం వాడాల్సిన చోట్లు రెండే రెండు. మిగతా ఎక్కడ బలం వాడినా ఏదో ఒకటి విరుగుతుంది. ఆ రెండూ ఏవో వరసలో చెబుతాను. ఇంకేదీ గుర్తు లేకపోయినా ఇది గుర్తుంచుకో.

కొనే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మీ కంప్యూటర్లో ఉన్నది సెలెరాన్ 430. ఒకే కోర్, అంటే లోపల లెక్కలు చేసే భాగం ఒక్కటే, 1.8 గిగాహెర్ట్జ్. బోర్డు జీ31 చిప్‌సెట్‌ది (మిగతా భాగాలను ప్రాసెసర్‌తో కలిపే చిప్పులు), ప్రాసెసర్ కూర్చునే గూడు, అంటే సాకెట్, ఎల్‌జీఏ 775. నువ్వు వేద్దామనుకుంటున్నది కోర్ 2 డుయో ఈ8400 అని మీ నాన్న చెప్పాడు. రెండు కోర్లు, 3 గిగాహెర్ట్జ్, 6 ఎంబీ క్యాష్ మెమరీ. మంచి ఎంపిక, ఎవరు చెప్పారో గానీ సరిగ్గానే చెప్పారు. అయితే సాకెట్ ఒకటే కదా, కూర్చుంటుందిలే అనుకుని కొనేయకు. ఈ 775 సాకెట్ 2004లో పెంటియమ్ 4 కాలంలో వచ్చింది. కోర్ 2 క్వాడ్ దాకా అదే నడిచింది. 2005 నాటి బోర్డులో ఈ8400 చక్కగా కూర్చుంటుంది, మూత కూడా పడుతుంది, కానీ స్టార్ట్ అవదు. ప్రాసెసర్‌కు వోల్టేజీ ఇచ్చే సర్క్యూట్, చిప్‌సెట్, ఆన్ చేయగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్ బయాస్, ఈ మూడూ దాన్ని గుర్తుపడితేనే పని జరుగుతుంది. కాబట్టి బోర్డు తయారుచేసిన కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కు పనికొచ్చే ప్రాసెసర్ల జాబితా చూడు. మోడల్ పేరు బోర్డు మీదే స్లాట్ల మధ్య అచ్చయి ఉంటుంది. దాని రివిజన్ నంబర్ ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. రివిజన్ మారితే జాబితా కూడా మారొచ్చు. అందుకే టార్చి వేసి ఫొటో తీసుకుని మరీ పోల్చుకో.

ఇప్పుడు ఈ8400 దొరికేది ఎవరో వాడి తీసిందే. దాని లోహపు మూత మీద చెక్కిన అక్షరాలు చదువు. ఎస్‌ఎల్‌ఏపీఎల్ అని ఉంటే అది సీ0 స్టెప్పింగ్ (అదే మోడల్‌లో ఒక తయారీ వెర్షన్), ఎస్‌ఎల్‌బీ9జే అని ఉంటే ఈ0. రెండూ మంచివే, కానీ ఈ0 తర్వాత వచ్చింది, దానికి ఇంకాస్త కొత్త బయాస్ అడగొచ్చు. జాబితాలో ప్రతి ప్రాసెసర్ ఎదురుగా ఏ బయాస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. సర్వర్ల కోసం చేసిన 771 సాకెట్ జియాన్ ప్రాసెసర్లకు స్టిక్కర్ అంటించి 775కి పనికొచ్చేలా చేసి అమ్మేవాళ్లున్నారు. వాటికి సాకెట్‌లో ప్లాస్టిక్ గాట్లు కోయాల్సి రావచ్చు. నీకు అది వద్దు తల్లీ. మొదటిసారి విప్పేవాళ్లు సాకెట్ దగ్గర బ్లేడు పెట్టకూడదు.

బయాస్ సంగతే నా అసలు భయం. వెర్షన్ పాతదైతే సెలెరాన్ లోపల ఉండగానే అప్‌డేట్ చేసుకోవాలి. కొత్త ప్రాసెసర్ పెట్టాక చేద్దామంటే స్క్రీనే రాదు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు అక్కడితో అయిపోయినట్టే. బయాస్ ఉన్న చిప్ విప్పి వేరే మెషిన్ మీద రాయగలిగినవాళ్లు ఉంటే తప్ప చాలా బోర్డులు లేవవు. సర్వీస్ పనిలో ఉన్నన్నాళ్లూ అలా పోయిన బోర్డులు నా టేబుల్ మీదకి వస్తూనే ఉండేవి, తెచ్చినవాళ్ల మొహాలు చూడలేకపోయేవాణ్ణి. యూపీఎస్ లేకుండా బయాస్ జోలికి పోకు. లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకో. పంపమంటే నేనే పంపుతాను. ఫైల్ కూడా నీ బోర్డు మోడల్‌కు, రివిజన్‌కు సరిగ్గా సరిపోయిందో లేదో రెండుసార్లు చూసుకో. అప్‌డేట్ నడుస్తున్నంతసేపు మౌస్ కూడా ముట్టుకోకు.

ఫొటోలు, ఫైళ్లు ముందే వేరే డిస్కులోకి తీసిపెట్టుకో. పవర్ కేబుల్ పీకెయ్, స్విచ్ ఆపితే చాలదు. పీకాక పవర్ బటన్ ఒకసారి నొక్కి వదులు, మిగిలిన చార్జి పోతుంది. దుమ్ము దులుపు. ఒంటి మీది స్టాటిక్ కరెంటు పోవడానికి క్యాబినెట్ లోహాన్ని మధ్యమధ్యలో ముట్టుకుంటూ ఉండు. ఉన్ని బట్టలు వేసుకోకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇప్పుడు మీ నాన్న కథ.

2007లో మీ ఇంట్లో వేరే కంప్యూటర్ ఉండేది. ఏఎండీ అథ్లాన్ 64, ఏఎమ్2 సాకెట్. నీ మొదటి పుట్టినరోజు వీడియో టేపు మీద ఉండేది. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, కత్తిరించి, సీడీ చేసి బంధువులందరికీ పంపాలని మీ నాన్న పంతం. ఒకే కోర్ ఉన్న ఆ మెషిన్ వీడియో మారుస్తున్నంతసేపూ ఇంకే పనీ చేయనిచ్చేది కాదు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఎక్కడో ఆగిపోయి ఉండేది. అందుకని అథ్లాన్ 64 ఎక్స్2 తెచ్చాడు, రెండు కోర్లది. నేను వచ్చే ఆదివారం వస్తాను, ఆగరా అన్నాను. ఆగలేదు. ఒక్కడే కూర్చుని పెట్టుకున్నాడు. నిజానికి చక్కగానే పెట్టాడు. కంప్యూటర్ ఆన్ అయింది, రెండు కోర్లూ కనిపించాయి. ఫోన్‌లో వాడి ఆనందం నాకింకా గుర్తుంది.

అక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది. మర్నాటికి వాడికి అనుమానం వచ్చింది, ప్రాసెసర్‌కూ దాన్ని చల్లబరిచే కూలర్‌కూ మధ్య వేడి దాటడానికి రాసే పేస్టు అంతటా సరిగ్గా పరుచుకుందా లేదా అని. చూద్దామని కూలర్ క్లిప్పు తీసి, కూలర్ పట్టుకుని నిటారుగా పైకి లాగాడు. మెషిన్ రాత్రంతా ఆగి ఉంది, పేస్టు చల్లబడి బిగుసుకుపోయింది. ఏఎమ్2లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, 940 పిన్నులు. దాన్ని పట్టి ఉంచేది పక్కన ఉన్న చిన్న లోహపు కడ్డీ, అంటే లివర్ ఒక్కటే, పైనుంచి ఏ మూతా ఉండదు. లివర్ వేసి ఉండగానే ప్రాసెసర్ కూలర్‌తో పాటు సాకెట్‌లోంచి ఊడి వచ్చేసింది. ఒక అంచున ఓ వరస పిన్నులు కొద్దిగా వాలాయి, అంతే. అప్పుడైనా ఆగి నాకు ఫోన్ చేసి ఉంటే బాగుచేసేవాణ్ణి. లోపలి లెడ్ తీసేసిన క్లిక్ పెన్సిల్ మొనలో పిన్నును దూర్చి ఒక్కొక్కటీ మెల్లగా నిలబెట్టొచ్చు. ఓపిక ఉండాలి గానీ కష్టం కాదు.

వాడికి కంగారు పుట్టింది. కొత్త ప్రాసెసర్, పైగా ఇంట్లో మీ అమ్మ వద్దంటున్నా తెచ్చింది. వంగిన పిన్నులు గమనించాడో, గమనించినా గమనించనట్టు ఉండిపోయాడో, ప్రాసెసర్‌ను తిరిగి సాకెట్ మీద పెట్టాడు. అది దిగలేదు. బొటనవేలితో నొక్కాడు.

తల్లీ, ఆ సాకెట్‌లో లివర్ ఎత్తి ఉంటే ప్రాసెసర్ తన బరువుకే లోపలికి దిగాలి. వేలితో నెట్టే అవసరమే రాకూడదు. దిగలేదంటే ఏదో అడ్డం ఉందని అర్థం. నొక్కితే వాలిన పిన్నులు మడత పడిపోయాయి. మళ్లీ తీసినప్పుడు రెండు పిన్నులు విరిగి సాకెట్ రంధ్రాల్లోనే ఉండిపోయాయి. నేను వెళ్లేసరికి వాడు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. లెన్సు పెట్టుకుని అర్ధరాత్రి దాకా కూర్చున్నాను. వంగిన పిన్నులన్నీ నిలబెట్టాను, విరిగినవాటిని ఏం చేయగలం? సాకెట్‌లో ఇరుక్కున్న ముక్కలు రాలేదు. ప్రాసెసర్, బోర్డు రెండూ పోయాయి. "వీడియో ఎలా అన్నయ్యా?" అని అడిగాడు పొద్దున్నే. అది నా కంప్యూటర్‌లో చేసి ఇచ్చాను. నువ్వు కేకు మీద చెయ్యి పెట్టే ఆ వీడియో అదే.

ఆ తర్వాతే ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న జీ31 బోర్డు కొన్నాడు. అప్పటికి అందరూ రెండు కోర్లవి కొంటుంటే, వాడు కావాలని సెలెరాన్ 430 చాలన్నాడు. మళ్లీ ఒక్కసారి కూడా ఆ క్యాబినెట్ మూత తీయలేదు. వాడు నిన్ను ఆపుతున్నాడంటే నీ మీద నమ్మకం లేక కాదు. నువ్వు అలా గోడ వైపు తిరిగి పడుకోవడం చూడలేడు, అందుకు.

నీ 775 సాకెట్ వేరు. ఇందులో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డు మీది సాకెట్‌లోనే సన్నటి స్ప్రింగుల్లా 775 ఉంటాయి. పైన లోహపు మూత ప్రాసెసర్‌ను నొక్కి పడుతుంది కాబట్టి కూలర్‌తో పాటు ఊడి రాదు. అయినా కూలర్ తీసే ముందు మెషిన్‌ను కాసేపు నడిపి, ఆపేసి, పేస్టు వెచ్చగా ఉండగానే కూలర్‌ను అటూ ఇటూ కొంచెం తిప్పి వదులు చేసి తియ్యి. ఆ అలవాటు చేతికి ఇప్పుడే రావాలి. కూలర్ నాలుగు కాళ్ల తలల మీద బాణం గుర్తు ఉంటుంది. అటు పావు వంతు తిప్పి పైకి లాగితే ఊడతాయి. ప్రాసెసర్ బయటికి తీశాక ఆ ఖాళీ సాకెట్ మీద వేలు, గుడ్డ, స్క్రూ ఏదీ పడనివ్వకు. అక్కడ ఒక్క స్ప్రింగు వంగినా నిలబెట్టడం ఏఎండీ పిన్ను కంటే చాలా కష్టం. కొత్త ప్రాసెసర్‌ను అంచులు పట్టుకుని, ఒక మూలనున్న బంగారు రంగు త్రికోణం, పక్కలనున్న రెండు గాట్లు సాకెట్‌తో కలిసేలా చూసుకుని నిటారుగా దించి వదిలెయ్. జరపకు. నొక్కకు.

ఇక బలం వాడాల్సిన మొదటి చోటు వస్తుంది. మూత దించి లివర్ కిందికి వేసేటప్పుడు గట్టిగా బిగుస్తుంది, కిర్రుమని చప్పుడు కూడా వస్తుంది. ఏదో విరిగిపోయిందని గుండె ఆగినంత పనవుతుంది. కానీ అది అంతే. ప్రాసెసర్ సరిగ్గా కూర్చుందని ముందే చూసుకున్నావు కాబట్టి ధైర్యంగా వెయ్యి.

రెండో చోటు కూలర్ కాళ్లు. పాత పేస్టు రెండు వైపులా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి, ప్రాసెసర్ మధ్యలో బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టు. కాళ్ల తలలు వెనక్కి తిప్పి మొదటి స్థానంలో ఉంచి, ఎదురెదురు మూలలు చొప్పున నొక్కు. టక్‌మని వినిపించాలి. బోర్డు వంగేంత బలం పడుతుంది, అందుకే బోర్డును క్యాబినెట్ నుంచి విప్పి బల్ల మీద అట్ట పెట్టి చేస్తే మంచిది. అయ్యాక వెనక్కి తిప్పి చూడు, నాలుగు కాళ్లూ పూర్తిగా బయటికి వచ్చి ఉండాలి. ఒక్కటి రాకపోయినా ఆ మూల ఎత్తుగా ఉండి వేడి దిగదు. సెలెరాన్ 430 తినేది 35 వాట్లు, ఈ8400 లెక్క 65 వాట్లు. పాత కూలర్ సన్నటి అల్యూమినియంది అయితే దాన్నే వాడేయకు, 65 వాట్ల వేడిని తట్టుకునేది తెచ్చుకో. ఒకసారి పెట్టాక పేస్టు ఎలా పరుచుకుందో చూద్దామని మాత్రం తీయకు.

విప్పావు కాబట్టి ఆ గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చెయ్. ఫ్యాన్ వైరు, ప్రాసెసర్ దగ్గరి నాలుగు పిన్నుల పవర్ వైరు పెట్టడం మర్చిపోకు, చాలామంది అక్కడే స్క్రీన్ రాక కంగారుపడతారు.

మొదటిసారి ఆన్ చేయగానే నేరుగా బయాస్‌లోకి వెళ్లి ప్రాసెసర్ పేరు, వేడి చూడు. నలభై, యాభై డిగ్రీల దగ్గర నిలబడితే ఫర్వాలేదు. ఆగకుండా పెరిగిపోతుంటే వెంటనే ఆపెయ్, కూలర్ ఏదో మూల సరిగ్గా కూర్చోలేదు. ఈ8400కు కంపెనీ పెట్టిన హద్దు 72.4 డిగ్రీలు.

ఒక మాట నిజం చెప్పాలి, తర్వాత నిరాశపడకూడదు. రెండు కోర్లు వచ్చినంత మాత్రాన ప్రతి పనీ రెండింతల వేగంతో అవదు. ఒక పక్క క్లాసు వీడియో నడుస్తుండగా ఇంకో పక్క ఫైల్ తెరిస్తే గుంజుకోకుండా ఉంటుంది, ఆ తేడా బాగా తెలుస్తుంది. ఆన్ అవడానికి పట్టే సమయం మాత్రం పాత హార్డ్ డిస్కు వల్లే. అక్కడ చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) వేస్తే ప్రాసెసర్ కంటే దాని తేడానే ముందు కనిపిస్తుంది. ర్యామ్ డీడీఆర్2, ఆ చిప్‌సెట్‌కు 4 జీబీ దాకానే, అంత వరకు నింపెయ్. విండోస్ 11 ఈ ప్రాసెసర్ మీద పెట్టాలని చూడకు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది. తమ్ముడి చదువుకు, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం పెట్టు, బ్రౌజర్, ఆఫీస్ పనులు అన్నీ అవుతాయి.

తీసిన సెలెరాన్‌ను ఎవరికీ ఇవ్వకు. కొత్తది వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టి ఉంచు. ఎప్పుడైనా స్క్రీన్ రాకపోతే తప్పు బోర్డుదా ప్రాసెసర్‌దా తేల్చేది అదే. ఇంకొకటి, పని మొదలుపెట్టే రోజు మీ నాన్నను పక్కన కూర్చోబెట్టుకో. టార్చి పట్టుకోమను. వాడు వద్దన్నా ఊరుకోకు. ఎక్కడైనా ఏదైనా దిగకపోతే నొక్కకుండా అక్కడే ఆగి, అది ఏ వేళైనా సరే, నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దనాన్న