యేసు అద్భుతాలు ఎందుకు చేశాడు? తన శక్తి చూపించుకోవడానికేనా?

కాదు. అదే ఉద్దేశమైతే, పరిసయ్యులు (ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదు మతవర్గం వాళ్లు) ఆకాశం నుంచి ఒక సూచన, అంటే దేవుడు పంపాడనడానికి గుర్తుగా ఒక అద్భుతం, చూపించమని పట్టుబట్టినప్పుడే చూపించేవాడు. అప్పుడు ఒప్పుకోలేదు.

బైబిల్లో మార్కు సువార్త 2వ అధ్యాయం చూడండి. కపెర్నహూము అనే ఊళ్లో యేసు ఉన్న ఇల్లంతా జనంతో కిక్కిరిసిపోవడంతో, నలుగురు మనుషులు పైకప్పు విప్పి పక్షవాత రోగిని పరుపుతో సహా కిందికి దించారు. అందరూ ఎదురుచూసింది స్వస్థత కోసం. యేసు మాత్రం ముందు "నీ పాపాలు క్షమించబడ్డాయి" అన్నాడు. పాపాలు క్షమించేది దేవుడొక్కడే కాబట్టి, అక్కడున్న శాస్త్రులకు (యూదుల ధర్మశాస్త్ర పండితులకు) అది దైవదూషణలా తోచింది. క్షమించే అధికారం తనకుందని వాళ్లకు తెలియాలనే, ఆ తర్వాత అతన్ని లేచి పరుపెత్తుకుని నడవమన్నాడు. అంటే కంటికి కనబడే స్వస్థత, కనబడని క్షమాపణకు రుజువు. అద్భుతాల అర్థం నాకు ఇంత స్పష్టంగా ఇంకెక్కడా దొరకలేదు.

జాలి కూడా కారణమే. కుష్ఠరోగిని ముట్టుకుని మరీ బాగుచేశాడు. రోగం, ఆకలి, మరణం లేని దేవుని రాజ్యానికి ఈ అద్భుతాలు ముందస్తు గుర్తులని క్రైస్తవుల నమ్మకం.

మరి ప్రార్థించినా జబ్బు తగ్గకపోతే విశ్వాసం లేనట్టా? అలా అని, బాధలో ఉన్నవాళ్లకు ఇంకా టెన్షన్ పెట్టడం చాలా తప్పు. 'శరీరంలోని ముల్లు' అని తాను పిలిచిన బాధను తీసేయమని యేసు అపొస్తలుడైన (ఆయన సువార్త ప్రకటించిన) పౌలు ప్రభువును మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. "నా కృప నీకు చాలు" అన్న జవాబే వచ్చింది.