క్రాష్ అంచు పగిలింది, బదులు ఏది తీసుకోవాలి?

డ్రమ్ కిట్‌తో వచ్చిన 16 అంగుళాల క్రాష్ సింబల్ (కర్రతో కొట్టే పళ్లెం లాంటి లోహపు తాళం) అంచు పగిలింది, బదులు ఏది కొనాలని అడిగారు కదా. ముందు స్టాండ్ చూడండి. పైనున్న వింగ్‌నట్ (చేత్తో తిప్పే రెక్కల నట్) బిగించేస్తే సింబల్ ఊగదు, దెబ్బంతా అంచే మోయాలి. నట్ వదులుగా, సింబల్‌కు పైనా కిందా ఫెల్ట్ (మెత్తని బిళ్ల), మధ్యలో రాడ్డుకు తొడిగే ప్లాస్టిక్ స్లీవ్ (గొట్టం) ఉండాలి. స్లీవ్ లేకపోతే రాడ్డు మరలు రంధ్రాన్ని అరగదీస్తాయి. కొట్టేటప్పుడు కర్రను నేరుగా దించకండి, పక్కకు జారేలా తగలాలి.

ఇక కొత్తది. చవక కిట్లలోవి ఎక్కువగా ఇత్తడివి, మోతే తప్ప నాదం ఉండదు. బీ8 కంచులో తగరం 8 శాతం, మిగతాది రాగి. శబ్దం పదునుగా, సూటిగా వస్తుంది. బీ20లో తగరం 20 శాతం. నాదం నిండుగా ఉంటుంది, ధరా ఎక్కువే. మీరు గట్టిగా కొట్టేవారైతే 18 అంగుళాల మీడియం థిన్ (కాస్త పలుచనిది) తీసుకోండి. మరీ మందమైతే మెల్లగా కొట్టినప్పుడు సరిగా పలకదు. నన్నడిగితే, క్రాష్ కొన్నాళ్లు ఆగినా పర్లేదు, 14 అంగుళాల హైహ్యాట్ (పెడల్‌తో మూసి తెరిచే జంట సింబల్) ముందు మార్చండి. పాటంతా వినిపించేది అదే.